సుంకేసుల కాలువను త్రవ్విన కంపెనీ

జొన్నగిరికి పొరుగున నున్న మద్దికెర పొలములలో పుట్టిన హంద్రి, పత్తికొండ సీమలోని వాగులను కలుపుకొనుచు ఉత్తరముగా సాగి, కర్నూలు పట్టణమునొద్ద తుంగభద్రలో కలియుచున్నది. అచట చూడదగిన వింత యొకటి కలదు. హంద్రి తన దారిని క్రిందుగా పారుచుండ, దానికి మీదుగా కట్టిన వంతెనపై మఱియొక నీరు అడ్డముగా దాటిపోవును. ఏటిమీద ఏఱు. క్రిందిది దేవుడు త్రవ్వినది. మీదిది మనుష్యులు త్రవ్వినది. ఆ మీది నీటినే మనము కర్నూలు-కడప కాలువ యనుచున్నాము.

ఈ కాలువ కర్నూలునకు ఎగువను సుంకేసులయొద్ద తుంగభద్రకు కట్టిన ఆనకట్టనుండి బయలుదేరి, నంద్యాల సీమగుండ సుమారు 190 మైళ్లు ప్రయాణముచేసి కడపను చేరును. దీనిని త్రవ్వినది రాజులు కారు. మొదట సర్కారువారును కారు. వాటాలు అమ్మి ధనము కూడబెట్టిన యొక కంపెనీ దీనిని త్రవ్వెను. అది డచ్చివారి కంపెనీ యని మన ప్రాంతమున తఱచుగా చెప్పుకొనుట కలదు. అది పొరబాటు. అది లండను నగరమున ఏర్పడిన ఆంగ్లేయుల కంపెనీ. దాని పేరు మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. ఆ కంపెనీని నడపిన మనుష్యు లెవరు, వారి వృత్తు లెట్టివి, వారు కట్టినది నేటికిని నిలిచియుండగా వారి కంపెనీ యేల నిలువలేదు అను విషయములను ఈ ప్రసంగములో విన్నవించెదను. నేడును మన పొలములకు కాలువలు, మన ఊళ్లకు బాటలు కంపెనీలవారే కట్టుచున్నారు గనుక ఈ వృత్తాంతము పాతదైనను పనికిమాలినది కాదు.

ముందుగా కంపెనీ యనగానేమో స్పష్టపఱచుకొందము. మన పల్లెలలో నలుగురు కలిసి ఉమ్మడిగా బావి త్రవ్వించుకొనుట కలదు. తలకొక భాగము సొమ్ము వేసికొందురు. నీరు పడిన పిమ్మట వంతులవారీగా మోట తోలుకొందురు. కంపెనీయును ఉమ్మడి బేరమే. అయితే రెండు భేదములు కలవు. బావిలో భాగస్థుడు ఆ బావినీటినే త్రాగును. కంపెనీలో వాటాదారు ఆ పనిని కంటితో చూడకపోయినను వాటా కొనవచ్చును. బావి ఎండినయెడల భాగస్థునకు పొలము ఎండును. కంపెనీ చెడినయెడల వాటాదారునకు పోవునది తాను వేసిన సొమ్ము మాత్రమే. కావున వేల మైళ్ల దూరమున నున్నవారు సైతము, తాము ఎన్నడును చూడని తుంగభద్రమీద సొమ్ము పెట్టగలిగిరి. ఇది కంపెనీయను పద్ధతిలోని గొప్ప బలము. ఆ దూరమే దానిలోని గొప్ప లోపమునైనది.

ఆ కాలపు స్థితిగతులను కొంచెము తలచుకొనవలెను. 1857లో ఉత్తరదేశమున సిపాయిల తిరుగుబాటు జరిగెను. 1858లో దేశపరిపాలనము ఈస్టిండియా కంపెనీ చేతినుండి ఇంగ్లండు రాణి చేతికి మారెను. సర్కారు ఖజానాకు అప్పులభారము మెండు. పెద్దపనులకు చేతిలో సొమ్ము లేదు. అందుచేత ఇనుపదారుల నిర్మాణమును లండను కంపెనీలకు ఒప్పగించిరి. గుత్తి, ఆదవానుల మీదుగా పోవు రైలుదారియు అట్లు మద్రాసు రైల్వే కంపెనీవారు వేసినదే. అది 1871లో రాయచూరునొద్ద బొంబాయినుండి వచ్చు దారితో కలిసెను. ఇట్టి కంపెనీలకు సర్కారువారు ఒక పూచీ యిచ్చిరి. వాటాదారులు పెట్టిన సొమ్మునకు నూటికి 5 చొప్పున ఏటేట వడ్డి ముట్టును. బండి నడచి లాభము వచ్చిన సరి, రానియెడల ఆ కొఱతను సర్కారు నింపును. సర్కారు నింపుట యనగా ఈ దేశపు పన్నులనుండి నింపుటయే.

ఇనుపదారికి ఈ పూచీ యున్నపుడు నీటిదారికి ఏల ఉండరాదని అడిగిన మహాపురుషుడు సర్ ఆర్థర్ కాటన్. ఈ పేరు ఎఱుగని తెలుగువాడు ఉండడు. ఆయన 1803లో జన్మించెను. పదునెనిమిదేండ్ల ప్రాయమున, 1821లో, సైన్యపు ఇంజనీరుగా మద్రాసు చేరెను. ఆయన చదువు బడిలో కొంత, ఏటి యొడ్డున ఎక్కువ. తంజావూరు సీమలో కావేరి పాయయైన కొల్లడమునకు 1836లో ఆనకట్టలు కట్టి, ఇసుక నేలలో పునాది నిలుపు విధమును అచటనే నేర్చుకొనెను. ఆ విద్య నంతయు పిమ్మట గోదావరియొద్ద చూపెను. 1847లో మొదలిడిన ధవళేశ్వరపు ఆనకట్ట 1852 నాటికి పూర్తియై, కఱవుసీమగా నున్న గోదావరి మండలమును అన్నపూర్ణగా మార్చెను. 1861లో ఆయనకు సర్ బిరుదు వచ్చెను. ఆయన తొంబదియారేండ్లు జీవించి 1899లో గతించెను.

కాటన్ దొర నమ్మకములు రెండు. మొదటిది, ఏటిలో వృథాగా సముద్రమునకు పోవు నీరు బంగారమువంటిదని. రెండవది, సరకుల రవాణాకు రైలుకంటె పడవ చౌకయని. ఈ రెండు నమ్మకములనుండి పుట్టినదే మద్రాసు కాలువల కంపెనీ. తుంగభద్రకు ఎగువను బళ్లారి మండలములో నీటిని నిలువచేసి, అచటనుండి కర్నూలు, కడప మండలములమీదుగా తూర్పు సముద్రతీరమువఱకు కాలువ త్రవ్వవలెననియు, దారిపొడుగున పైరులు పండింపవలెననియు, అదే కాలువలో పడవలు నడపి ప్రత్తిని రేవులకు చేర్పవలెననియు ఆ పెద్ద సంకల్పము. అందులో మొదటి భాగముగా కర్నూలు-కడప కాలువను చేతబట్టిరి. పది లక్షల పౌనుల మూలధనమునకు నూటికి 5 వడ్డి చొప్పున సర్కారు పూచీ దొరకెను. లెక్క కట్టి చూడుడు. ఏటికి 50 వేల పౌనులు. అనగా ఆనాటి మారకము చొప్పున సుమారు 5 లక్షల రూపాయలు. కాలువలో నీరు పారినను, పారకున్నను ఈ మొత్తము లండను చేరవలసినదే.

1863 మొదలు పని ముమ్మరముగా సాగెను. ఇక పనిచేసిన వారిని చూతము. ఇట్టి కంపెనీలో నాలుగు అంతస్తుల మనుష్యులు ఉందురు.

మొదటి అంతస్తు లండనులోని డైరెక్టరులు. వారు కంపెనీ పెద్దలు. సొమ్ము సమకూర్చుట, సర్కారుతో ఒడంబడికలు చేసికొనుట వారి పని. సుంకేసుల రాతిని వారు ముట్టినవారు కారు. వారికి కాగితముపై నున్న రేఖ కాలువ. వడ్డి ముట్టిన దినము పంటదినము.

రెండవ అంతస్తు ఇంజనీరులు. వీరిది కఠినమైన వృత్తి. నీటిమట్టపు పనిముట్టును మోయించుకొని, ఎండలో మైలు తరువాత మైలు నడచి, మైలుకు ఎన్ని అంగుళముల వాలు ఈయవలెనో నిర్ణయించువారు వీరు. వాలు ఎక్కువైన కాలువ గట్లను కోయును; తక్కువైన పూడిక పట్టును. కంపెనీ ఇంజనీరులలో ప్రముఖుడు లేథామ్ అను దొర. ఆయన ఈ కాలువ నిర్మాణక్రమమును వివరించుచు 1872లో లండనులోని సివిల్ ఇంజనీరుల సంస్థకు ఒక పత్రము సమర్పించెను. తాము చేసిన పనిని తోడి పనివాండ్రయెదుట పెట్టి, మంచిచెడ్డలు విచారింప జేయుట ఆ వృత్తిలోని మంచి ఆచారము. మన వాస్తుశిల్పులలోను అట్టి అలవాటు ఉండిన, మన పాత చెఱువుల తూములు కట్టిన నేర్పు ఇంతగా మఱుగుపడియుండెడిది కాదు.

ఈ ఇంజనీరులకు ఎదురైన కష్టములు గోదావరి సీమలోనివి కావు. డెల్టా యనగా నది తానే పఱచిన మెత్తని మన్ను. నేల సముద్రమువైపు మెల్లగా వాలియుండును. పార వేసిన చోటెల్ల కాలువయే. రాయలసీమ యట్టిది కాదు. సుంకేసులనుండి కాలువ కొంతదూరము తుంగభద్ర వెంట నడచును. పిదప హంద్రిని దాటవలెను. అటుపిమ్మట కృష్ణలో కలియు నీళ్లకును, పెన్నలో కలియు నీళ్లకును నడుమనున్న మిట్టను దాటవలెను. ఆ మిట్టను మిట్టకందాలయొద్ద లోతుగా కోసి నీటిని దక్షిణమునకు మరల్చిరి. అవతల కుందేఱు లోయలోనికి దిగినపిమ్మట రాజోలియొద్ద కుందేటికిని, ఆదినిమ్మాయపల్లెయొద్ద పెన్నకును ఆనకట్టలు కట్టవలసివచ్చెను. పడవలు ఎత్తునుండి పల్లమునకు దిగుటకు లాకులు కట్టిరి. ప్రతి వాగును కాలువ మీదుగనో క్రిందుగనో దాటించిరి. రాయి కోయు ఖర్చు మన్ను త్రవ్వు ఖర్చువంటిది కాదు. అంచనా పెరుగుచుపోయెను. పది లక్షల పౌనులును ఖర్చయి, సర్కారునొద్ద మఱల అప్పు తీసికొనవలసివచ్చెను.

మూడవ అంతస్తు గుత్తదారులు, ఓవర్సీరులు, మేస్త్రీలు. ఇంజనీరు గీచిన రేఖను పనిగా మార్చువారు వీరు. ఏ ఊరిలో సున్నపురాయి దొరకును, ఏ గుట్టరాయి ఉలికి లొంగును, ఏ నెలలో కూలి దొరకును, ఏ నెలలో జొన్నకోతకు జనము పోవుదురు అను సంగతి వీరికే తెలియును. కూలివానికిని కంపెనీకిని నడుమ సొమ్ము వీరి చేతిమీదుగనే పారును. కాలువ గట్టునకు గండి పడినట్లే ఈ నడిమి చేతులకును గండి పడుట సర్వత్ర కలదు. అందుచేత ఏ నిర్మాణపు కంపెనీకైనను మంచిపేరు గాని చెడ్డపేరు గాని తెచ్చునది ఈ అంతస్తే.

నాలుగవ అంతస్తు మన్ను త్రవ్వి, రాయి కొట్టినవారు. మన సీమలో ఈ విద్య వంశపారంపర్యముగా వడ్డెవారిది. చెఱువు కట్టవలెనన్నను, బావి దింపవలెనన్నను, బండ పగులగొట్టవలెనన్నను ఊరివారు వారినే పిలుచుట ఆచారము. గుడారములు, గాడిదలు, పలుగు, పార, సమ్మెట వెంటబెట్టుకొని కుటుంబసహితముగా పని యున్నచోటికి తరలిపోవుదురు. పురుషుడు త్రవ్వును, ఆడది గంప మోయును, పిల్లవాడు గాడిదలను తోలును. కూలి దినముచొప్పున గాక కొలతచొప్పున ముట్టును. త్రవ్విన గుంతలో అక్కడక్కడ ముట్టకుండ విడిచిన మట్టిదిమ్మెలను మీరు చూచియుందురు. అవి ఆ గుంత మొదటి ఎత్తునకు సాక్షులు. వానిని కొలిచి లోతు లెక్కగట్టి కూలి యిత్తురు. చదువురాని పనివానికి ఆ మట్టిదిమ్మెయే చిట్టాపుస్తకము. 190 మైళ్ల కాలువలో ఎన్ని గంపల మన్ను లేచినదో ఎవరు చెప్పగలరు? డైరెక్టరుల పేళ్లు కాగితములలో నిలిచినవి, ఇంజనీరుల పేళ్లు పత్రములలో నిలిచినవి. వడ్డెవారి పేళ్లు మాత్రము ఎచటను వ్రాయబడలేదు. అయినను గట్టు నిలిచినది.

1870 ప్రాంతమున కాలువ సిద్ధమయ్యెను. నీరు వదలిరి. రయితులు పరుగెత్తుకొని వత్తురని కంపెనీవారు ఎదురుచూచిరి. రయితులు రాలేదు. కాలువక్రింద సాగునకు యోగ్యమని లెక్కవేసిన భూమిలో మిక్కిలి కొలదిభాగమునకే నీరు పెట్టుకొనిరి. పడవల రాకపోకలును అనుకొన్నంత సాగలేదు. లండనులో ఇది చూచి, ఈ దేశపు రయితు సోమరియనియు, మార్పునకు విముఖుడనియు అనినవారు కలరు. మన పెద్దలకు ఆ మాట న్యాయమని తోచునా? కారణములు విచారింతము.

కాలువ పోవు భూమి చాలవఱకు నల్లరేగడి. రేగడి నేల ఒక మంచి వాన త్రాగినయెడల నెలలతరబడి తడి నిలుపుకొనును. ఆ తడిమీదనే ప్రత్తి, జొన్న, కొఱ్ఱ పండును. వానపంటకు నీరు కొనవలసిన పనిలేదు. అదే రేగడికి కాలువనీరు విచ్చలవిడిగా పెట్టినయెడల నేల బురదయై, నీరు ఇంకక, కొన్నిచోట్ల చౌడు తేలును. వరి పెట్టవలెనన్న పొలమును మడులుగా చదునుచేయవలెను, గట్లు వేయవలెను, ఎరువు తోలవలెను, ఎక్కువ ఎద్దులు, ఎక్కువ కూలి కావలెను. మెట్టరయితునకు ఆ పెట్టుబడి ఎచటిది? మఱియు, ఒక పర్యాయము నీరు పెట్టుకొన్న భూమికి తీరువ పెరిగి, తరువాత నీరు వద్దన్నను ఆ తీరువ తగ్గునో తగ్గదో అను భయము. అన్నిటికిని మించి, ఎగువను జలాశయము కట్టబడలేదు గనుక, వేసవిలో తుంగభద్ర సన్నగిలినపుడు కాలువయు సన్నగిలును. నీరు మిక్కిలి అవసరమైనపుడు నీరుండదు. వానలు కురియునపుడు మాత్రము నిండుగా పారును. ఇట్టి నీటికి ఏటేట సొమ్ము చెల్లింపనని రయితు అనుట సోమరితనమా, లెక్కా?

కాటన్ దొర వంటి మేధావి ఈ సంగతిని తలపోయలేదా యని అడుగవచ్చును. ఆయన అనుభవమంతయు కావేరి, గోదావరి డెల్టాలది. అచట జనము అదివఱకే వరి పండించు జనము. వారికి కావలసినది నమ్మకమైన నీరు ఒక్కటే. ఇచట జనము జొన్న పండించు జనము. ఒకచోట ఫలించిన విద్య మఱియొకచోట ఫలింపవలెనన్న ఆ చోటివారిని అడుగవలెను. కంపెనీవారు నేల వాలును కొలిచిరి, రాయి గట్టిదనమును కొలిచిరి, నీటి వేగమును కొలిచిరి. రయితు మనస్సును కొలువలేదు. కొలువవలసిన అక్కఱ వారికి తోపకపోవుటకు కారణము కలదు. రయితు నీరు కొన్నను కొనకున్నను వాటాదారునకు నూటికి 5 ముట్టుచునే యుండెను. నష్టభయము లేనివాడు ప్రశ్నలు అడుగడు. పూచీ యనునది ధైర్యమునిచ్చును. ఆ పూచీయే జాగ్రత్తను హరించును.

ఇంతలో 1876లో వానలు తప్పెను. ధాత సంవత్సరపు కఱవు అని తాతలు చెప్పుచు వచ్చిన మహాక్షామము అదియే. 1878 వఱకు అది కర్నూలు, బళ్లారి, కడప మండలములను నిశ్శేషముగా పీడించెను. ఊళ్లకు ఊళ్లు పాడుపడెను. అప్పుడు కాలువక్రింద సాగు ఒక్కసారిగా పెరిగెను. నీరు వద్దన్న రయితులే నీటికై పోటీపడిరి. కాలువ పుణ్యమున పండిన గింజ ఎన్నో ప్రాణములను నిలిపెను. కఱవు తీరి, వానలు మఱల కురియగానే సాగు మఱల తగ్గెను. కంపెనీ లెక్కలో ఆ కాలువ నష్టము; ప్రాణముల లెక్కలో లాభము. ఈ రెండు లెక్కలును నిజమే. కంపెనీ పుస్తకములో మొదటి లెక్కకు మాత్రమే చోటు కలదు.

1878లో ఇంగ్లండు పార్లమెంటువారి విచారణసంఘమొకటి ఈ దేశపు నీటిపనులను గూర్చి విచారించెను. ముదుసలియైన కాటన్ దొరను పిలిచి ప్రశ్నించిరి. గోదావరి లాభమును ఆయన చూపగా, కర్నూలు కాలువ నష్టమును వారు ఎత్తిచూపిరి. ఒరిస్సాలో ఇట్టిదే యైన మఱియొక కాలువల కంపెనీ కూడ దెబ్బతిని, దాని పనులను సర్కారువారు 1868 తుదినే కొనియుండిరి. 1882లో మద్రాసు కాలువల కంపెనీ కథయు ముగిసెను. సర్కారువారు కాలువను కొనివేసిరి. వాటాదారులు తమ సొమ్ము తీసికొని తొలగిరి. భారము ఈ దేశపు పన్నుదారుల తలమీద నిలిచెను. కాలువయు ఈ దేశముననే నిలిచెను.

నిలిచినదానిని గూర్చి రెండు మాటలు. పడవల సంగతి 1933లో పూర్తిగా విడిచిపెట్టి, కాలువను సాగునకే ఉంచిరి. క్రమముగా రయితులు అలవాటుపడిరి, మడులు చదునుపడినవి, సాగు పెరిగెను. నేడు ఈ కాలువక్రింద లెక్కకెక్కిన ఆయకట్టు సుమారు 2 లక్షల 65 వేల ఎకరములు. కాలువ బాగుచేతకై 1996లో జపాను దేశమునుండి అప్పు తెచ్చిరి. పాత ఆనకట్టయొద్ద సుంకేసులలో క్రొత్త బ్యారేజి కట్టిరి. 2009 అక్టోబరు వఱదలలో దానికి దెబ్బ తగిలి మఱల బాగుచేయవలసివచ్చెను. కంపెనీ బ్రదికినది ఇరువదియేండ్లకు కొంచెము మించి. కాలువ బ్రదికినది నూటయేబదియేండ్లకు మించి. కట్టినవాని ఆయువునకును కట్టడపు ఆయువునకును గల ఈ అంతరమును మనస్సున ఉంచుకొనుడు.

ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతముల పెద్దలు, ఈ కాలువ మాకు రాలేదుగదా యని అనవచ్చును. నిజమే. కాని మీకు వచ్చిన నీరును ఆ పాత సంకల్పమునకు సంబంధించినదే. తుంగభద్రకు ఎగువను జలాశయము కట్టవలెనన్న 1860 నాటి ఆలోచన కంపెనీతో చావలేదు. మద్రాసు సర్కారును, నైజాము సర్కారును నీటి భాగములకై దశాబ్దములు వాదులాడిరి. 1937లో శ్రీబాగ్ ఒడంబడికలో తుంగభద్ర నీటియందు రాయలసీమకు ముందుహక్కు ఉండవలెనని పెద్దలు వ్రాసికొనిరి. 1944లో రెండు సర్కారులకును రాజీ కుదిరెను. 1945 ఫిబ్రవరి 28న హోసపేటయొద్ద పునాదులు పడినవి. ఈసారి పని లండను కంపెనీకి గాక రెండు సర్కారుల ఇంజనీరులకే ఒప్పగించిరి. మద్రాసువైపున తిరుమల అయ్యంగారు, హైదరాబాదువైపున వేపా కృష్ణమూర్తిగారు ముఖ్యులు. రాతికట్టడమునకు సున్నమును ఇటుకపొడిని కలిపిన గచ్చు వాడిరి. సుమారు 90 గ్రామములు నీట మునిగినవి. ఆ ఊళ్లవారి త్యాగమును మఱవరాదు. 1953లో నీరు వదలిరి. ఆ యేడే ఆంధ్రరాష్ట్రము ఏర్పడి, ఆదవాని తాలూకా బళ్లారి మండలమునుండి విడివడి మనతో చేరెను. దిగువ కాలువ యను పేర ఆదవాని, ఎమ్మిగనూరులవైపు వచ్చు నీటికి కర్నూలు మండలమున సుమారు లక్షా 51 వేల ఎకరముల ఆయకట్టు నిర్ణయమైయున్నది. కర్నూలు-కడప కాలువకును ఆ జలాశయమునుండి 10 శతకోటి ఘనపుటడుగుల నీటి వాటా కలదు. కంపెనీవారు కట్టలేకపోయిన జలాశయము అట్లు వారి కాలువకు తోడ్పడుచున్నది.

అయితే సర్కారు కట్టినంతమాత్రమున కట్టడమునకు ముదిమి రాకపోదు. పూడిక చేరి, మొదట సుమారు 133 శతకోటి ఘనపుటడుగులు పట్టిన ఆ జలాశయము ఇటీవలి కొలతలో 106కు లోపుగనే పట్టినది. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి, 33 ద్వారములలో 19వ దాని గొలుసు తెగి ద్వారము కొట్టుకొనిపోయెను. నిండుజలాశయము ఏటిపాలగునని మూడు రాష్ట్రముల రయితులు గుండెలు చేతబట్టుకొనిరి. అప్పుడు పిలువబడినవాడు, ఆనకట్ట ద్వారముల పనిలోనే జీవితమంతయు గడపి విశ్రాంతి తీసికొనుచున్న కన్నయ్యనాయుడుగారు. వారి సలహామేఱకు, నీరు ఉఱుకుచుండగనే ఇనుపపలకలను ఒకదానిమీద నొకటి దింపి, వారముదినములలో ఆ గండి మూసిరి. యంత్రములును సొమ్మును ఉన్నచోటనే ఉన్నవి, కొఱతపడినది అనుభవము. ఆ అనుభవము ముదుసలియైన యొకరి తలలో నిలిచియుండుట మన అదృష్టము. ఒక నిర్మాణసంస్థకు నిజమైన మూలధనము ఖజానాలో లేదు, పనివాండ్ర అనుభవములో కలదని దీనివలన తెలియుచున్నది.

వాటాలు వేసికొని పనిచేయుటయే తప్పని నా అభిప్రాయము కాదు. మన ఎమ్మిగనూరులోనే మాచాని సోమప్పగారు 1938లో నేతగాండ్రను కూడగట్టి సహకారసంఘము నెలకొల్పిరి. అదియు వాటాల సంస్థయే. కాని అందు వాటాదారుడే నేతగాడు. మగ్గము ఆగినయెడల నష్టము ఎవనిదో అతనికి ఇంటిలోనే తెలియును. లండను వాటాదారునకు సుంకేసుల ఎంత దూరమో, ఎమ్మిగనూరు నేతగానికి తన సంఘము అంత దగ్గఱ. భేదము వాటాలో లేదు, ఈ దూరములో కలదు.

ఇప్పుడు మన సీమలో మఱల పెద్దపనులు నడచుచున్నవి. శ్రీశైలపు జలాశయమునుండి మల్యాలయొద్ద నీటిని యంత్రములతో ఎత్తి, హంద్రి-నీవా కాలువద్వారా పత్తికొండ మెట్టలమీదుగా అనంతపురమువైపు పంపుచున్నారు. 2012లో మొదటిసారి ఆ నీరు వదలిరి. ఈ కాలమున తెలుగువారే గొప్ప నిర్మాణపు కంపెనీలు స్థాపించిరి. ఏ.వి.ఎస్. రాజుగారు 1978లో నాగార్జునా కంపెనీని, పిచ్చిరెడ్డిగారు 1989లో మేఘా కంపెనీని ఆరంభించిరి. అవి నేడు దేశమంతట పనులు చేయుచున్నవి. మన బిడ్డలు అనేకులు అట్టి కంపెనీలలో ఇంజనీరులుగా, యంత్రములు నడపువారుగా, లెక్కలు వ్రాయువారుగా జీవించుచున్నారు. లండనుమీద ఆధారపడిన కాలము పోయినది. ఇది సంతోషింపదగిన విషయమే. కాని కంపెనీ మనవారిదైనంతమాత్రమున అడుగవలసిన ప్రశ్నలు మాఱవు.

గ్రామమునకు పని వచ్చినపుడు పెద్దలు నాలుగు సంగతులు విచారింపవలెను. సొమ్ము ఎవరిది, అది మునిగినయెడల భారము ఎవరిమీద పడును? నేలను కొలిచినవారు ఆ నేలను దున్నువానిని అడిగిరా? రెక్కలు వంచినవారికి కొలతచొప్పున కూలి సరిగా ముట్టుచున్నదా? గుత్తదారు వెడలిపోయినపిమ్మట తూమునకు, గట్టునకు, ద్వారమునకు కాపు ఎవరు? ఈ నాలుగింటిలో మొదటి మూడును పని నడచునంతకాలము ఎవరో యొకరు అడుగుదురు. నాలుగవది సామాన్యముగా ఎవరును అడుగరు. కంపెనీ పోయిన పిమ్మట నూఱేండ్లు కాలువతో కాపురము చేయవలసినవారు ఊరివారే గనుక, ఆ ప్రశ్నను ఊరివారే, పని మొదలిడక మునుపే, అడుగవలెను. నాడు సుంకేసులయొద్ద అడిగినవారు లేరు. నేడు మన ఊరి చావడిలో అడుగుటకు అడ్డము లేదు.